టొరంటోకు పదకొండున్నర గంటలట!

మూడేళ్లపాటు పెద్దన్న అనే ఉద్యోగి ఒక దొంగ లెక్క కింద నోరెత్తకుండా సంతకం పెట్టాడు. నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడ కట్టుకున్న ఒక కంపెనీ అతన్ని ఏడాదికి అయిదారు సార్లు టొరంటో పంపుతుంది. అక్కడి ఆఫీసుల్లో కంప్యూటర్ సర్వర్లు మోసి బిగించడం అతని పని. పులివెందుల వైపు మనిషి, వయసు నలభై మూడు.

ప్రయాణం పదహారు గంటలు దాటితే మర్నాడు విశ్రాంతి ఇవ్వాలని కంపెనీ నియమం. పెద్దన్నకు ఒక్కసారీ ఇవ్వలేదు. శంషాబాద్‌లో పొద్దున పదికి ఎక్కి, టొరంటోలో అదే తేదీన రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతాడు. ఫారంలో ‘పదకొండున్నర గంటలు’ అని ముందే అచ్చేసి ఇస్తారు. తెల్లారి ఎనిమిదికల్లా పని.

ఏప్రిల్‌లో అతని ఎడమ పిక్క వాచి గట్టిపడింది. రక్తం గడ్డకట్టిందనీ, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ప్రాణానికే ముప్పనీ మాదాపూర్‌లో డాక్టర్ చెప్పింది. అప్పుడు వెళ్లి, ఆఫీసులో టికెట్లు తీసే సీతాబాయిని అడిగాడు.

“ఎక్కే టైము మనది, దిగే టైము వాళ్లది పెద్దన్నా! మన గడియారం తొమ్మిదిన్నర గంటలు ముందుంటది. మొత్తం ఇరవై ఒక్క గంటలు. నీ పిక్కకు తెలిసింది నీకు తెల్వదా?”

“మరి వచ్చేటప్పుడు టికెట్లో టైములు చూస్తే ముప్పై గంటలుంటాది గదమ్మా?”

“అప్పుడు గడియారం చూడరు, దూరం చూస్తరు. పన్నెండు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, గంటకు తొమ్మిది వందలు. పద్నాలుగు గంటలంటరు. నడుమ విమానం మారనీకె దుబాయ్‌ల కూసున్నది లెక్కల్నే లేదు. మన మేనేజర్ సారు పోతే మాత్రం ఇరవై ఒకటే రాస్తరు.”

ఆ మేనేజర్ శ్రీనివాసరావు. పెద్దన్న అతని ముందు నిలబడ్డాడు.

“అదేంటండీ పెద్దన్నగారూ! ఏసీలో కూర్చోబెట్టి, భోజనం పెట్టి తీసుకెళ్తుంటే కాళ్లు వాస్తాయా?”

“ఒగసారి నా పక్కన మధ్య సీట్లో కూచుందురు రాండి సార్. చూద్దురు.”

తర్వాతి ఫారంలో పెద్దన్న అచ్చు అంకె కొట్టేసి ‘ఇరవై ఒకటి’ అని రాశాడు. రెండో రోజుకల్లా అతన్ని కోకాపేట గోదాములో పెట్టెలు లెక్కపెట్టడానికి తోసేశారు. పిక్కకు కట్టు, ఎనిమిది గంటలు నిలబడే పని. ఇది శిక్ష కాకపోతే ఏమిటి?

టికెట్ వంశీకి వెళ్లింది. ఇరవై నాలుగేళ్లవాడు. “నేను గూడ కొట్టేస్తే నన్నూ గోదాముకే పంపుతరు అన్నా” అన్నాడట. ఇంకా సంతకం పెట్టలేదు.

పెద్దన్న పనిచేసిన అంతస్తులో టొరంటో తిరిగేవాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు. మీరు ఇది చదువుతారని నాకు తెలుసు. పెద్దన్న ఒక్కడే కాబట్టి తోసేయగలిగారు. మీ ఫారాలు తీయండి. ఎక్కే, దిగే సమయాలు రెండింటినీ మన గడియారంలోకి మార్చి, తప్పుడు అంకె కొట్టేసి అసలుది రాయండి. ఒక నకలు కార్మిక శాఖకు పంపండి. వంశీ సోమవారం విమానం ఎక్కాలి. శుక్రవారంలోపు, అందరూ ఒకేసారి ఇవ్వండి.