విత్తనాల నూనెలో వడలు

మొన్న ఆదివారం మా కోడలు నూనె అక్కరలేకుండానే వడలు కాల్చిపెట్టే యంత్రం ఒకటి కొనుక్కొచ్చింది. వేపుళ్లు గుండెకు మంచివి కావని డాక్టరు గట్టిగా చెప్పినప్పటి నుంచీ మా ఇంట్లో బాణలి అటకెక్కింది కాబట్టి, అన్నానికి కూర్చున్నప్పుడల్లా నేను పెట్టే మొహం చూడలేక, పాపం, నా కోసమే తెచ్చింది. రాత్రికి అందరికీ వడలే భోజనమని చెప్పి, అలసంద పిండిని బిళ్లలుగా తట్టి లోపల పెట్టి మీట నొక్కితే, అది సన్నగా రొద చేస్తూ తన పని తాను చేసుకుపోతోంది. నేను పక్కనే నిలబడి, నాకు తెలియకుండానే తలెత్తి ఇంటి కప్పు చూశాను. "బల్లేమన్నా ఉందా జేజీ?" అని అడిగింది మా మనవరాలు. వడలు కాలుతున్నచోట నిలబడితే పైకి చూడడం నాకు అరవై ఏళ్ల నాటి అలవాటు. బల్లి లేదులే అన్నాను గానీ, ఎందుకు చూశానో చెప్పాలంటే చాలా దూరం వెళ్లాలి.

ఇప్పటి పిల్లలు నమ్మరేమో గానీ, కనుచూపు మేరా చెనక్కాయ, అంటే వేరుశనగ, చేలే ఉన్న అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగి కూడా మేము నూనెను చుక్కలు లెక్కపెట్టినట్టే వాడేవాళ్లం. పండిన కాయలు బండ్ల మీద మండీకి పోయేవి. ఇంట్లో మిగిలేవి విత్తనానికి కట్టిపెట్టిన మూటలే, వాటి మీద చెయ్యి వేస్తే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, వేళ్లు విరగ్గొడతాననేది. ఆమె ఊరికే అనే మనిషి కాదు. పెళ్లికో, కొత్త అల్లుడు వస్తేనో తప్ప బాణలి నిండా నూనె పోసే ఇల్లు మా ఊళ్లో ఉండేది కాదు. అందుకే రాత్రి భోజనమంతా వడలే అన్న రోజు నా బతుకులో మొదటిసారి వచ్చినప్పుడు, అది మా ఇంటికి వచ్చిన కష్టమని నాకు తోచలేదు.

ఆ ఏడాది మృగశిర కార్తెలో ఒక సాయంత్రం పడమట నల్లగా మబ్బు పట్టింది. మా నాయనకు మొదటి నుంచీ ఆశ జాస్తి. తెల్లారితే విత్తే గొర్రు కట్టాల్సిందేనని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి విత్తనం కాయలన్నీ ఒలిపించేశాడు. వాన పడ్డాకే ఒలవాలని అవ్వ పోరింది, ఎందుకంటే తొక్కతో ఉన్న కాయ ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుంది గానీ, ఒలిచిన గింజ త్వరగా ముక్కిపోయి మొలకెత్తడం మానేస్తుంది. నాయన వినలేదు. చెల్లెలూ నేనూ బొటనవేళ్లు కందిపోయేదాకా ఒలిచాం. తెల్లారేసరికి మబ్బు ఎటో కొట్టుకుపోయింది. ఆరుద్ర వెళ్లిపోయింది, పునర్వసు వచ్చింది, గింజల్లో పురుగు కనబడింది.

"ఇంగ రాదులే వాన. పురుగులు తినేదానికన్నా మనం తినేది మేలు," అన్నాడు నాయన ఒక పొద్దున. గింజలన్నీ గానుగాడించి నూనె తీయిద్దామని, పిండగా మిగిలిన చెక్క ఎద్దులకు పెట్టి, అవి కాస్త కండ పట్టాక సంతలో అమ్మేసి, అందరం బెంగుళూరుకు కట్టడం పనికి పోదామని తేల్చేశాడు. అవ్వ గానుగకు పోయే మూటను ఒకసారి చేత్తో నిమిరి లోపలికి వెళ్లిపోయింది. ఎద్దుల్ని అమ్మితే మేము మళ్లీ ఈ ఊరికి సేద్యగాళ్లుగా రాలేమని పెద్దవాళ్లందరికీ తెలుసు. నాకూ కొంత అర్థమైంది గానీ, నిజం చెబుతున్నాను, నా ధ్యాసంతా గానుగ నుంచి వచ్చే నూనె మీదే ఉండింది.

డబ్బా నిండా నూనె ఇంటికి వచ్చిన సాయంత్రం అమ్మ అలసందలు పచ్చిమిరపకాయలూ అల్లమూ వేసి బరకగా రుబ్బింది, ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, వేసి కారం నూరింది, పొయ్యి మీద బాణలి పెట్టింది. తడి చేతులతో లోపలికి వస్తే వీపు చీరేస్తానని చెల్లెల్నీ నన్నూ గడప అవతల కూర్చోబెట్టింది. మొదటి వాయ వడలు ఊదుకుంటూ తిన్న ఆ రుచి నేను ఈనాటికీ మళ్లీ చూడలేదు. ఇల్లంతా కమ్మటి వాసన. నాయన ఒక వడ తుంచి నోటిదాకా తీసుకుపోయి, మళ్లీ దించి చెల్లెలి కంచంలో పెట్టేశాడు. అవ్వ ఆకలి లేదని గోడవైపు తిరిగి పడుకుంది. అది చూసి కూడా నేను తినడం ఆపలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది మట్టి మిద్దె. పొయ్యికి సరిగ్గా పైన, పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ కప్పులో ఒక కంత ఉండేది, దాన్ని గవాక్షి అనేవాళ్లం. వానాకాలంలో దాని మీద బండ కప్పాలి. ఆ ఏడాది ఆ బండ సంగతి అందరం మరిచిపోయాం.

మూడో వాయ వేసినప్పుడు చెల్లెలు దాహమని నీళ్ల చెంబు పట్టుకొని మెల్లగా లోపలికి జరిగింది. ఉన్నట్టుండి బాణలి చుర్రుమని, నూనె ఎగిరి అమ్మ ముంజేతి మీద పడింది. "ఎవురే నీళ్లు చల్లింది?" అని అమ్మ వెనక్కి తిరిగి చూడడమూ, చెంబుతో నిలబడ్డ చెల్లెలి చెంప పగలడమూ ఒకేసారి జరిగాయి. "నేను కాదు మా!" అని అది గొల్లున ఏడ్చింది. చెంబు కింద పడింది, చెల్లెలి రెండు చేతులూ చెంప మీదే ఉన్నాయి. అప్పుడు బాణలి మళ్లీ చుర్రుమంది.

అమ్మ తలెత్తింది. మేమంతా తలెత్తాం. గవాక్షిలోంచి ఒక్కొక్క చుక్కే దిగుతోంది, మూడోది అమ్మ నుదుటి మీద పడింది. ఆమె గబుక్కున బాణలి దించి పక్కకు లాగింది. గోడవైపు తిరిగి పడుకున్న అవ్వ ఎప్పుడు లేచిందో గానీ, "మూయొద్దండి, పడనీ!" అని కేక పెట్టింది. వాన ధారగా లోపలికి దిగి పొయ్యి ఆరిపోయేదాకా ఎవరూ మిద్దె ఎక్కి బండ కప్పలేదు. ఆ సగం కాలిన వడలే నవ్వుకుంటూ తిన్నాం. చెల్లెలు కూడా ఒక కంట ఏడుస్తూనే నవ్వింది.

నవ్వనిది నాయన ఒక్కడే. వానలో అరుగు మీద తడుస్తూ కూర్చున్నాడు. భూమి తడిసింది, ఎద్దులున్నాయి, గొర్రు ఉంది, విత్తనం మాత్రం డబ్బాలో నూనె అయి కూర్చుంది. విత్తడానికి పనికొచ్చే ఆ తడి, ఆ పదును, మహా అయితే మూడు రోజులుంటుంది. ఎవరినైనా అడుగుదామని అవ్వ అంటే, ఒక్క మబ్బును నమ్మి చెడిన మొహం ఎవరికి చూపించేదని నాయన లేవనే లేదు.

తెల్లవారి అమ్మ కందికట్టెలు రాజేసి మిగిలిన పిండంతా వడలు కాల్చింది. నూనె చెంబుల్లో పోసుకొని, వడలు మా ఇద్దరి చేతుల్లో పెట్టి, ఇంటింటికీ బయలుదేరింది. ఆ ఏడు ఎవరింట్లోనూ తాలింపుకు కూడా సరిగా నూనె లేదు, కాయలు తొందరపడి ఒలవని ఇళ్లు మాత్రం చాలానే ఉన్నాయి. నూనె తీసుకొని విత్తనం ఇమ్మని అమ్మ తలెత్తుకునే అడిగింది. నాతో బడికి వచ్చే పిల్ల ఇంటి ముందు నేను అమ్మ చీర చాటున దాక్కున్నాను. ఒకాయన మాకే చాలవు పోమ్మా అని మొహం మీదే చెప్పాడు. ఒకావిడ చేటతో రెండుసార్లు కొలిచి, పిల్లలకు వాడుకోమని నూనె మళ్లీ మా చెంబులోనే పోసింది. అలా మధ్యాహ్నానికి ఒక మూట నిండింది. సాయంత్రం మా అరుగు మీద నాలుగిళ్ల ఆడవాళ్లు కూర్చొని ఆ కాయలు ఒలుస్తుంటే, చివరికి నాయన వచ్చి అవ్వ పక్కన కూర్చొని తానూ ఒలవడం మొదలుపెట్టాడు.

ఉన్న విత్తనం కింది చేనికే సరిపోయింది, మిట్ట మీది చేను బీడుగా మిగిలింది. పంట గొప్పదేమీ కాదు. అయినా మరుసటి ఏటికి విత్తనం మిగిలింది, విత్తనమిచ్చిన వాళ్లందరికీ చేటెడు కాయలు చేరాయి, ఎద్దులు సంతకు పోలేదు, మేము బెంగుళూరుకు పోలేదు. ఆ రోజు అడుక్కొచ్చిన విత్తనంతో నిలబడ్డామని నాయన ఎప్పుడన్నా అంటే అమ్మ ఊరుకునేది కాదు. "అడుక్కోలే. నూనె ఇచ్చి తెచ్చినా," అనేది. ముంజేతి మీద మిగిలిన రెండు మచ్చల్ని వాన మచ్చలని చెప్పుకునేది.

ఇప్పుడు నేనుండే ఇంటికి సిమెంటు కప్పు, చుక్క దిగే దారి లేదు. వాన ఎప్పుడొస్తుందో ఫోను ముందే చెబుతుంది, ఒక్కోసారి మా నాయనలాగే తప్పు చెబుతుంది కూడా. మా కింది చేనిలో ఎవరింటి విత్తనం మొలిచిందో ఇప్పటికీ ఇల్లిల్లూ గుర్తు చేసుకోగలను గానీ, మా వీధిలో ఎదురింటివాళ్ల పేరేమిటో నాకు సరిగా తెలియదు. ఈసారి వడలు కాల్చినప్పుడు నాలుగు పట్టుకెళ్లి కనుక్కోవాలి.

చెల్లెలు మాత్రం మా జిల్లాలోనే యాడికి అనే ఊరి దగ్గర ఇంకా సేద్యమే చేస్తోంది. మొన్న యంత్రం గంట కొట్టి ఆగేసరికి నా ఫోను మోగింది. మనవరాలు ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది. బాగున్నావా అని లేదు, తిన్నావా అని లేదు. వాన హోరు మధ్యలోంచి, ఏటా మొదటి పదునుకు అడిగినట్టే మా చెల్లెలు అడిగింది.

"ఎవురే నీళ్లు చల్లింది?"

"నేను కాదు మా," అన్నాను.