మూత ముట్టనివ్వని సామేలన్న

సగం ఉడికిన టర్కీ కోడిని తిని వాడకట్టంతా ఆసుపత్రిలో పడితే, అందరూ ముందు నన్నే పట్టుకుంటారని ఆ రోజంతా నా భయం. "కెమిస్ట్రీల ఎమ్మెస్సీ చేసినవు. గిన్నె పక్కనే కూసున్నవు. ఏం జూసినవు సారూ?" అంటారు. "మూత చూశాను" అనడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

సామేలన్నను ఎరిగినవాళ్లు ఈ జవాబుకు ఆశ్చర్యపోరు. ఆయనకున్నది ఒకటే పిచ్చి. పొయ్యి మీద పెట్టిన దేని మూతా తీయనివ్వడు. అన్నం, పప్పు, ఆఖరికి స్నానానికి కాగే నీళ్లు కూడా. "కాగినయో లేదో జూస్త" అని ఆయన భార్య సమ్మక్క చెయ్యి చాపితే, "నువ్వు జూస్తె వాటికి సిగ్గయితది, కాగయి. మూత ముట్టకు. లోపల వాటి పని అవి జేసుకుంటయి" అనేవాడు.

కోరుట్లలో ఆయన ఇంటి ముందు వాటాలో మేము అద్దెకుండేవాళ్లం. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఆయన ఆర్టీసీలో డ్రైవరు, జగిత్యాల బస్సు నడిపేవాడు. ఒకసారి నేను ఆ బస్సులో ఉండగా మేడిపల్లి దగ్గర ఇంజన్‌లోంచి పొగలొచ్చాయి. జగిత్యాలకు పెళ్లిచూపులకు పోతున్న ఒక పెద్దమనిషి ముందుకొచ్చి గుడ్లురిమాడు.

"రేడియేటర్ మూత తియ్యి, నీళ్లు పొయ్యి, నడువు!"

"మూత తీస్తె ఆవిరి గొట్టి మొకం గాలుతది. గా మొకంతోని పెండ్లిసూపులకు పోతవా?"

"మరెంతసేపు?"

"సల్లబడ్డంక సల్లబడ్తది. నువ్వొక పని జెయ్యి. బానెట్ కాడ నిలవడు. ఎవ్వన్నీ ముట్టనియ్యకు. భారం నీదే."

అంతవరకూ బస్సుకు నిప్పు పెట్టేలా ఉన్న ఆ మనిషి, తర్వాత అటు వచ్చిన కండక్టర్ హన్మండ్లును కూడా "ఏయ్, దూరం జరుగు" అని అదిలించాడు. బస్సు బయల్దేరాక బానెట్ దగ్గరి సీటు వదిలి లేవలేదు. దిగేటప్పుడు సామేలన్నకు నమస్కారం పెట్టి దిగాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలో పడుకున్నాయి, కాలేజీలు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఊరూరా వంటావార్పులు మొదలయ్యాయి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం, అదీ నిరసన. నాయకులంతా మైకు దగ్గర ఉంటే సామేలన్న అన్నం ఉడికే పెద్ద గిన్నెల దగ్గర, గంజుల దగ్గర ఉండేవాడు. ఆయన ఇంత పట్టుగా కాపలా కాస్తుంటే ఎంత గొప్ప వంటగాడోనని ఊరంతా అనుకునేది. నేనూ అనుకున్నాను.

హన్మండ్లు కొడుకు మహేశ్ అప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. మాటకంటే ముందు రాయి అందుకునే రకం. ఒక రోజు వంటావార్పు దగ్గరికి పోలీసులు వరుసగా వచ్చి నిలబడగానే వాడు ముందుకు ఉరకబోయాడు. సామేలన్న వాణ్ణి అంగీ పట్టి గుంజి, అన్నిటికన్నా పెద్ద గంజు ముందు కూర్చోబెట్టాడు.

"రెండు చేతులు మూత మీద వెట్టు. కదిలిందంటె అన్నం పలుకైతది. మంది ఉపాసముంటరు."

"గాడ గంత లొల్లయితుంటె నన్ను అన్నానికి కావలి వెడ్తవా పెద్దనాయినా?"

"తెలంగాణ అచ్చినంక తినుడు బంద్ జేస్తవారా?"

పెద్ద తోపులాటే జరిగింది. కొందరికి దెబ్బలు తగిలాయి, కొందరిని వ్యాను ఎక్కించారు. మహేశ్ మాత్రం మూతను అదిమి పట్టుకుని, చెమటలు కారుతుండగా, కూర్చున్నచోటి నుంచే జై తెలంగాణ అని అరుస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు సామేలన్నతో మాట్లాడలేదు.

ఇక నా సంగతి. నేను సిరిసిల్లలో సాంచెల మధ్య పుట్టాను. మరమగ్గాలను మేము సాంచెలంటాం. వాటి చప్పుడుకు నిద్రపోయేవాళ్లం, చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్లం. ఆగిందంటే దారం తెగిందనో, కరెంటు పోయిందనో, ఏదో ఒక కీడే. అలా పెరిగినవాడికి ఆడపిల్ల పుట్టింది. అక్షిత ఏడిస్తే నాకు ఒక భయం, ఏడవకపోతే రెండు. నిద్రపోతున్న పాప ముక్కు కింద చిన్న అద్దం పెట్టి ఆవిరి పడుతోందా అని చూసేవాణ్ణి. పడేది. అద్దం చల్లగా తగిలి పాప లేచేది. ఆ ఏడుపుకు నా భార్య స్రవంతి లేచేది.

"ఊపిరాడుతోంది" అని శుభవార్త చెప్పేవాణ్ణి.

"నాకు ఆడుతలేదు" అనేది స్రవంతి.

పాపకు అన్నం మొదలుపెట్టాక నా జబ్బు ముదిరింది. ల్యాబులోని త్రాసు ఇంటికి తెచ్చి ఉగ్గు తూచేవాణ్ణి. మింగిందా లేదా అని నోట్లోకి టార్చి వేసేవాణ్ణి. పాప మొదట చెంచాను చూసి ముఖం తిప్పుకుంది, తర్వాత గిన్నెను చూసి, ఆఖరికి నన్ను చూసి. సమ్మెతో నేను పొద్దంతా ఇంట్లోనే ఉండేసరికి, పాలు తప్ప దేన్నీ ముట్టడం మానేసింది. బరువు తగ్గింది. స్రవంతి నిద్రలేక గోడలు పట్టుకుని నడుస్తోంది. డాక్టరు పాపను నిదానంగా పరీక్షించి, "పాపకేం లేదు, తినుడొక్కటే మొదలువెట్టాలె" అన్నాడు. తర్వాత నన్ను కూడా నిదానంగా చూశాడు.

అప్పుడే రాజమల్లు వచ్చాడు. ఆయన సమ్మక్క తమ్ముడు. దుబాయి నుంచి తిరిగొచ్చి ఎల్లంతకుంటలో టర్కీ కోళ్లు పెంచుతున్నాడు. అక్క కోసం ఒక కోడినీ, దుబాయి నుంచి తెచ్చిన ఒక కరెంటు కుండనూ పట్టుకొచ్చాడు. స్లో కుక్కర్ అంటారట. సన్నటి వేడి మీద పొద్దంతా ఉడికిస్తుంది.

"టర్కీ రొమ్ము కండ మస్తు నఖరాలది బావా. మంట ఎక్కువైతె ఎండుగడ్డే. సన్నగ, నిమ్మళంగ ఉడకాలె" అన్నాడు రాజమల్లు.

దానితో వచ్చిన ఇంగ్లిషు పుస్తకం సామేలన్న నా చేతికిచ్చాడు. చదివి, నాకే నమ్మకం కలగక మళ్లీ చదివాను. "వంట పూర్తయ్యేవరకు మూత తీయరాదు" అని ఉంది.

సామేలన్న ఆ పుస్తకం లాక్కుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత సమ్మక్క వైపు తిరిగి, "ఇన్నవా? దుబాయోనికి గూడ తెల్సు!" అన్నాడు. ఆ యంత్రంలో ఆయనకు నచ్చనిది ఒకటే, దాని మూత అద్దంది. "గిది మూతనా? గిది కిటికి" అని తన తువ్వాలను దాని చుట్టూ బిగించి కట్టాడు.

సమ్మక్క రొమ్ము కండకు ఉప్పు, పసుపు, అల్లం, ఎల్లిగడ్డ, ధనియాల పొడి, మిరియాలు పట్టించి, పెరుగులో రాత్రంతా నానబెట్టింది. పొద్దున నేను ల్యాబు థర్మామీటరు పట్టుకుని హాజరయ్యాను.

"గదేంది సారూ?"

"లోపల డెబ్బై నాలుగు డిగ్రీలు రావాలన్నా. లేకపోతే సూక్ష్మజీవులు చావవు."

"కోడికి జరం జూస్తవా? అది సచ్చి ఒక రోజాయె!"

అని కండను లోపలికి పట్టుకుపోయి, కాసేపటికి తువ్వాల కట్టిన కరెంటు కుండను తెచ్చి మా వరండాలో పెట్టాడు. పక్కన పీట వేశాడు.

"సారూ, గిది నీ పూచి. పిల్లులున్నయి, సమ్మక్కున్నది, ఎవ్వలను నమ్మకు. మూత ముట్టకు, ముట్టనియ్యకు. లోపల దాని పని అది జేసుకుంటది. నువ్వు గీడ నుంచి లేస్తె ఖతం."

"పాపకు ఉగ్గు..."

"సమ్మక్క సూసుకుంటది."

కూర్చున్నాను. ఇంతలో కరెంటు పోయింది. "అన్నా! కరెంటు పోయింది! నలభై డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పండగ చేసుకుంటాయి!" అని అరిచాను. సామేలన్న ఒక బొంత తెచ్చి కుండ మీద కప్పాడు. "వేడి ఎటు పోతది? గట్టిగ ఒత్తి వట్టుకో" అన్నాడు. ఆ విధంగా యూనివర్సిటీలో థర్మోడైనమిక్స్ చదివినవాణ్ణి, నడిబజారుకు కనబడేలా, ఒక బొంతను కౌగిలించుకుని కూర్చున్నాను.

హన్మండ్లు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"కావలా సారూ?"

"కావలే."

"మంచిగ కాయి" అని ఎందుకో నవ్వాపుకున్నాడు.

మధ్యాహ్నానికి వాసన మొదలైంది. ఎల్లిగడ్డ, మిరియాలు, వాటి వెనక నుంచి మాంసం కమ్మదనం. "చూశావా హన్మండ్లూ, మూత కట్టి, బొంత కప్పినా వాసన ఎలా వస్తోందో! దీన్నే వ్యాపనం అంటారు. వాసన అణువులు సందుల్లోంచి..." అని పాఠం మొదలుపెట్టాను. హన్మండ్లు బుద్ధిగా వింటూ, ఎందుకో ఇంటి వెనక వైపు గాలి పీల్చాడు.

వాసన ఎక్కువైన కొద్దీ నా భయమూ ఎక్కువైంది. ఉడికిందా? పచ్చిగా ఉందా? పాప ఏం చేస్తోంది? ఇంట్లోంచి చప్పుడు లేదు. సాంచెలు ఆగినంత నిశ్శబ్దం. ఇక నావల్ల కాలేదు. బొంత లాగేశాను, తువ్వాల విప్పాను, థర్మామీటరు పట్టుకుని మూత తీశాను.

లోపల నీళ్లున్నాయి. గోరువెచ్చగా, తేటగా, ఉత్త నీళ్లు. ముక్క లేదు, ఎముక లేదు, పసుపు రంగు కూడా లేదు. పిల్లి ఎత్తుకుపోయిందని మొదట అనుకున్నాను. తర్వాత నా చదువు అడ్డుపడి, మాంసం పూర్తిగా కరిగిపోయిందని ఒక క్షణం నిజంగా నమ్మాను. ఇంత మెత్తగా ఉడుకుతుందా అని దుబాయివాణ్ణి మెచ్చుకున్నాను కూడా.

"అన్నా! కోడి కరిగిపోయింది!" అంటూ పెరట్లోకి ఉరికాను.

పెరట్లో ఊక పొయ్యి సన్నగా రాజుతోంది. దాని మీద మట్టికుండ. మూత పక్కకు తీసి ఉంది. సామేలన్న దగ్గర తీసి ఉన్న మూతను చూడడం నాకు అదే మొదటిసారి. సమ్మక్క మిరియాల ఘాటు అంటని నడిమి కండను దారాల్లాంటి పీచులుగా తీసి పళ్లెంలో వేస్తోంది. సామేలన్న ఒళ్లో అక్షిత. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు, సమ్మక్క కుండ వైపు చూస్తోంది. ఎవరూ పాపను చూడడం లేదు. పాప తన పిడికిలితో తానే పీచులు తీసుకుని నోట్లో పెట్టుకుంటోంది.

"ఎన్ని డిగ్రీలు? ఉప్పు..."

"ఇష్! సూడకు. గోడ దిక్కు తిరుగు" అన్నాడు సామేలన్న.

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. చప్ చప్ మని నా బిడ్డ తింటున్న చప్పుడు, ఒక వరుసలో, ఆగకుండా వినబడింది. సిరిసిల్ల వదిలాక అంత ధైర్యమిచ్చిన చప్పుడు మళ్లీ వినలేదు.

"స్రవంతి ఏది?" అని గోడనే అడిగాను.

"పన్నది. నువ్వు బొంత వట్టుకున్నప్పటి సంది నిద్రల్నే ఉన్నది. అద్దం వట్టుకోని అస్తవని తలుపు గొళ్లెం వెట్టుకున్నది" అంది సమ్మక్క.

"మరి ఆ కుండకు నేనెందుకు కాపలా?"

"నీళ్లకు కావలెందుకు సారూ? కావలి నీకు గావాలె. గందుకే కుండను నీకు కావలి వెట్టిన" అన్నాడు సామేలన్న, ఇంకా ఆకాశంతోనే మాట్లాడుతూ.

నా వెనకే వచ్చిన హన్మండ్లు ఇక ఆపుకోలేకపోయాడు. "మా పోరని గంజుల గూడ నీళ్లే సారూ! వాని తలకాయ ఇయ్యాల గట్టిగున్నదంటె గా నీళ్లతోనే. వానికి ఇంక తెల్వది, జెప్పకు."

"అయితే అన్నా, మీరింత గొప్ప వంటవాళ్లయి ఉండి..."

"ఎవలు, గీయననా? చాయ గూడ వెట్టరాదు!" అంది సమ్మక్క. "మూతకాడ మందిని కూసోవెట్టుడొక్కటే అస్తది."

ఆ రోజు అందరం పెరట్లోనే తిన్నాం. కండ వేళ్లతో తాకితే విడిపోయింది, ఉప్పూ ఎల్లిగడ్డా నడిమి దాకా దిగాయి. థర్మామీటరును ఎవరో దోసకాయ పాదుకు ఊతంగా గుచ్చారు.

కొత్త రాష్ట్రం వచ్చిన జూన్‌లోనే అక్షిత ఎల్‌కేజీలో చేరింది. మొదటి రోజు మేము బయల్దేరుతుంటే సామేలన్న గేటు దగ్గరికొచ్చి నా చేతుల్లో ఒక స్టీలు డబ్బా పెట్టాడు.

"బిడ్డ బయటికచ్చెదాక రెండు చేతుల్తోని వట్టుకో."

"ఏముందన్నా ఇందులో?"

"సూస్తె సెడిపోతది."

తరగతి గదికి ఒక కిటికీ ఉంది. అది పట్టుకుని వేలాడాలంటే రెండు చేతులు కావాలి. డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపాను. చప్పుడు లేదు, బరువూ లేదు. ఖాళీదని తెలుసు. అయినా గట్టిగా పట్టుకునే నిలబడ్డాను.

పక్కన ఒక తండ్రి మునివేళ్ల మీద లేస్తూ కిటికీ వైపు మెడ సాచుతున్నాడు. చెమటలు కారుతున్నాయి. "మా పిలగాడు ఏడుస్తలేడు సార్. ఏడుస్తలేడంటె ఏమైనట్టు?" అన్నాడు.

డబ్బాను అతని చేతుల్లో పెట్టి, నా చేతులు కట్టుకుని, కిటికీకి వీపు తిప్పాను.

"జర పట్టుకుంటరా? మూత మాత్రం ముట్టకుండ్రి. లోపల దాని పని అది చేసుకుంటది."