‘నాదేముంది సార్’ అన్నందుకు

నోటి మర్యాదతో ఒక దేశం దేశాన్నే పోగొట్టుకోబోయినవాణ్ణి నేను. దొంగతనం చేయలేదు, దొంగ కాగితాలు పెట్టలేదు. వినయంగా మాట్లాడాను, అంతే. కొంప మునగడానికి అది చాలని అప్పటికి నాకు తెలియదు.

ఎనభైల చివరి సంగతి. సిడ్నీలో ఒక యూనివర్సిటీలో గోధుమకు పట్టే తుప్పు తెగులు మీద పరిశోధన చేసేవాణ్ణి. గుంటూరు జిల్లాలో నిక్షేపంలాంటి లెక్చరర్ ఉద్యోగానికి రాజీనామా పడేసి మరీ వచ్చాను. మా ఆవిడ విజయమేరి నర్సు. బ్లాక్‌టౌన్ దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేసేది. టూంగాబీలో అద్దె ఇల్లు. వీసా గడువు ఆ చలికాలంతో సరి. తరవాత కూడా ఉండాలంటే పర్మనెంట్ రెసిడెన్సీ రావాలి. అది రావాలంటే ‘ఈ మనిషి నైపుణ్యం ఈ దేశానికి అవసరం’ అని మా ప్రొఫెసర్ ఉత్తరం రాయాలి. రాకపోతే ఇంటికెళ్ళి, నేను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న నా శిష్యుడికే ఉద్యోగం కోసం దణ్ణం పెట్టాలి. ఆ దృశ్యం తలుచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

ప్రొఫెసర్ పేరు కెన్. ‘కెన్ అని పిలవవయ్యా’ అని ఆయన బతిమాలేవాడు, నేను ‘అలాగే సార్’ అనేవాణ్ణి. మనిషి బంగారం. ఒకటే లోపం. ఎవరేం చెబితే అది అక్షరాలా నమ్మేస్తాడు.

ఆ సంగతి వాళ్ళింటి బార్బీలోనే, అదే పెరట్లో మాంసం కాల్చుకునే విందులోనే, నాకు బోధపడాల్సింది. పొయ్యి మీంచి మాంసం ముక్క తీసి “ఇంకోటి వేయనా, మేట్?” అన్నాడు. “వద్దు సార్, కడుపు నిండిపోయింది” అన్నాను. నిజానికి అప్పటికి నేను తిన్నది కాసిని క్యారెట్ ముక్కలు. మరోసారి అడిగితే మొహమాటపడి, ఆ పైసారి ఒప్పుకుందామని నా ఏర్పాటు. ఆయన “నో వర్రీస్” అని ఆ పళ్ళెం కాస్తా కుక్క దగ్గరికి పట్టుకుపోయాడు. నేను ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాను. అయినా బుద్ధి రాలేదు చూశారూ, అదీ నా ప్రత్యేకత.

ఉత్తరం సంగతి అడగ్గానే కెన్ సంతోషంగా కుర్చీ చూపించి కలం తీశాడు.

“చెప్పు మేట్. ఈ ప్రాజెక్టులో నువ్వేం చేశావ్?”

మీరే చెప్పండి. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ‘అంతా నేనే చేశాను’ అని ఎలా అంటాం? నాలుక కరుచుకుని, తల దించుకుని, “నాదేముంది సార్, అంతా మీ చలవ” అన్న ముక్కని ఇంగ్లీషులోకి దింపాను. ఇక్కడ ఆయన ‘భలేవాడివే, నీ తెలివి నాకు తెలియదా’ అనాలి. మన దగ్గర ఎవరైనా అదే అంటారు. కెన్ కలం ఆపాడు.

“ఏమీ చేయలేదా?”

“ఏమీ లేదు సార్.”

“మరి లేత మొలకలోనే తెగుల్ని పసిగట్టే పద్ధతి? అది నీదే అనుకున్నానే.”

“దేవుని కృప సార్. నేను ఉత్త ఇన్‌స్ట్రుమెంట్‌ని.”

“ఇన్‌స్ట్రుమెంట్స్,” అని రాసుకున్నాడు.

నేను పొంగిపోయి బయటికొచ్చాను. ఇంత వినయం చూశాక ఆయన నన్ను ఆకాశానికెత్తేస్తాడని నా నమ్మకం.

మర్నాడు కాపీ చేతిలో పెట్టాడు. అసలుది ముందురోజు అర్వోలోనే, అంటే మధ్యాహ్నమే, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పోస్టు చేసేశాడట. రైల్లో కూర్చుని చదివాను. మీకోసం తెలుగులో చెబుతాను, మీరూ కాస్త ఏడవండి. ‘ఇతను నిజాయితీపరుడు. పరిశోధనలో తన పాత్ర ఏమీ లేదని తనే చెప్పాడు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించింది. ఇన్‌స్ట్రుమెంట్స్ వాడతాడు. చాలా నిజాయితీపరుడు.’

టూంగాబీలో దిగడం మర్చిపోయాను.

విజయ చదివి, కాగితం బల్ల మీద పెట్టి, నావైపు తిరిగింది.

“ఏం చెప్పి ఏడిచారండీ ఆయనతో?”

“మర్యాదగా మాట్లాడానే!”

“పెళ్లిచూపుల్లోనూ ఇంతే. ‘నాకేం రాదండీ’ అన్నారు. మా నాన్న నమ్మలేదు కాబట్టి సరిపోయింది. ఈయన నమ్మేశాడు. రేపు పొద్దున్నే వెళ్ళి మొత్తం నేనే చేశానని చెప్పండి. షేమ్ ఫీలవకుండా చెప్పండి!”

ఆ సాయంత్రమంతా అద్దం ముందు నిలబెట్టి ప్రాక్టీసు చేయించింది. ‘ఐ యామ్ ది బెస్ట్’ అన్నప్పుడల్లా నా తల దానంతటదే కిందికి వాలిపోయేది. విజయ గడ్డం పట్టుకుని లేపేది.

మర్నాడు కెన్ గదిలోకి వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి చెప్పేశాను. “సార్, మొత్తం నేనే చేశాను! మీరేమీ చేయలేదు!”

అద్దం ముందు ఈ రెండో వాక్యం లేదు. భయంలో అదే దొర్లిపోయింది.

“మేట్, మొన్న ఏమీ చేయలేదన్నావ్. ఇవాళ అంతా నువ్వేనంటున్నావ్. ఏది నిజం?”

“రెండూ సార్.”

ఆయన మొహంలో కోపం లేదు, బాధ ఉంది. “నువ్వు నిజాయితీపరుడివని రెండుసార్లు రాశాను. ఇప్పుడు మళ్ళీ ఇంకోలా రాసి ఎలా పంపను?” అన్నాడు. మన మర్యాదల గురించి వివరించబోయాను. చెప్పేకొద్దీ, మా దేశంలో అందరూ అబద్ధాలాడతారన్నట్టు తయారైంది. నోరు మూసుకుని వచ్చేశాను.

అనుకున్నట్టే ఇమ్మిగ్రేషన్ వాళ్ళు కుదరదన్నారు. ఆ వారమంతా నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది, దాచడం దేనికి. చేతిలో విద్య ఉండి, నోటి దురదతో పెళ్ళాన్ని కూడా నడిరోడ్డు మీదికి లాగిన వెధవని అనిపించింది.

అప్పుడు విజయ తన కాగితాలు బయటికి తీసింది. నర్సులకి కొరతగా ఉన్న రోజులు. వాళ్ళ ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద, మేట్రన్ కూడా అదే ప్రశ్న వేసిందట, నువ్వేం చేయగలవని.

“నువ్వేమన్నావే?”

“ఐ యామ్ వెరీ గుడ్ అన్నాను. దొరకని నరం కూడా నాకు దొరుకుతుందని చెప్పాను. ఉన్నదే కదండీ!”

మేట్రన్ అది కూడా నమ్మేసింది. అంతే రాసింది.

ఇంటర్వ్యూకి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ దరఖాస్తుదారు, నేను ఆధారపడినవాణ్ణి. ఆఫీసరు నావైపు తిరిగి, మీ భార్య పని ఎలా చేస్తారని అడిగాడు. మన పద్ధతిలో మగవాడు పెళ్ళాన్ని పరాయివాళ్ళ ముందు పొగడడు కదా. “ఏదో...” అని మొదలుపెట్టాను. బల్ల కింద విజయ చెప్పు మడమ నా పాదం మీద దిగింది. “ఎక్సలెంట్!” అని అరిచాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆఫీసరు కదిలిపోయాడు.

“మరి మీ ఆయనకి ఏమైనా నైపుణ్యం ఉందా?” అని ఆవిణ్ణి అడిగాడు.

“ఏమీ లేదండీ. మీ ఫైల్లోనే ఉంది కదా,” అంది విజయ.

ఆయన ఫైలు తిరగేసి, చూసి, తలూపి స్టాంపు వేశాడు. దేశం దక్కింది.

అందుకని ఇందుమూలంగా సమస్త పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు మెచ్చుకున్నా నాలుక కరుచుకోను, తల దించుకోను, దేవుణ్ణి మధ్యలోకి లాగను. ఇది బాగుందని మీలో ఎవరైనా అంటే, అవును, బాగుంది.