గొడుగు మామ పెట్టిన ఒకే ఒక్క షరతు

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. బస్టాండు దగ్గరి నా జిరాక్స్ షాపుకు వచ్చేవాళ్లకు ఇన్నేళ్లుగా ఒక కథ చెబుతూ వచ్చాను. మా పాత ఇంటిని ఏజెంటుకు పైసా ఇవ్వకుండా నేనే బేరమాడి అమ్ముకున్నానన్నది ఆ కథ. వినేవాళ్లు తలలూపేవారు, నేను ఇంకో రెండు ముక్కలు కలిపేవాణ్ని. అందులో ఆ ఏజెంటు చేసింది మాత్రం చెప్పకుండా దాటేశాను. ఆయన లేకపోతే ఆ ఇల్లు ఇప్పటికీ మా పేరు మీదే ఉండేది, ఈ షాపు ఇంకెవరి పేరు మీదో ఉండేది.

ఆ రోజుల్లో బాన్సువాడలో ఇంటర్నెట్ కొత్త, నా తెలివి అంతకంటే కొత్త. ఇరవై ఆరేళ్ల వయసులో, డిగ్రీ మీద కంప్యూటర్ కోర్సు కూడా చేసిన నాకు, లోకంలో అందరూ నన్ను మోసం చేయడానికే పొద్దున్నే లేస్తున్నారని గట్టి నమ్మకం. మా ఇల్లు కాలువ పక్క వాడలో ఉండేది. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు పొడుగాటి అరుగు. అమ్మ బీడీలు చుట్టి కట్టించిన ఇల్లు. బస్టాండు దగ్గర వెనక గదితో సహా ఒక షాపు అమ్మకానికి వచ్చింది. దసరాలోపు పైసలు కడితే మాది, లేదంటే వేరేవాళ్లది. "షాపు దొరికితే నేనీ బీడీల చాట పక్కకు పెడ్త బిడ్డా, వేళ్లు వంగుతలేవు" అంది అమ్మ. అంతవరకూ నేను అమ్మ వేళ్లను సరిగా చూడనేలేదు.

అలా మా ఇంటికి గొడుగు మామ వచ్చాడు. అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. వానా ఎండా అని లేకుండా చంకలో నల్ల గొడుగు ఉండేది కాబట్టి ఊరందరికీ గొడుగు మామ అయ్యాడు. (ఆ గొడుగు తెరిచి ఉండగా నేను చూడలేదు. దాంతో గదులు కొలిచేవాడు. "మూడు గొడుగులు, బెత్తెడు" అనేవాడు. నేను వెనకాలే టేపు పెట్టి కొలిస్తే వేలెడు కూడా తేడా వచ్చేది కాదు. అది నాకు నచ్చలేదు.) ఆయనకు ఇల్లు అప్పజెప్పేముందు నేను ఇంటర్నెట్లో వెతికి, తెలుగులోకి మార్చి, బాండు పేపరు మీద పదకొండు షరతులు టైపు చేయించాను. నాలుగోది, మూడు నెలల గడువు దాటితే ఏజెంటుకు ఈ ఇంటి మీద ఏ హక్కూ ఉండదు. ఏడోది, కొలతలు టేపుతోనే. తొమ్మిదోది, ఇంటిని తక్కువ చేసి మాట్లాడరాదు. నిలబడి అన్నీ గట్టిగా చదివి వినిపించాను.

"ఏంది అల్లుడా, ఇల్లు అమ్ముతున్నవా, నన్ను జైల్ల ఏస్తున్నవా?" అన్నాడు మామ.

"వాడు గట్లనే తమ్ముడూ, రేపు పెండ్లాం వస్తే ఆమెతోని కూడ కాగితం రాయించుకుంటడు" అంది అమ్మ చాట మీంచి తలెత్తకుండా.

మామ పదకొండింటికీ ఒప్పుకున్నాడు. తర్వాత గొడుగు కొనతో కాగితం చివర ఖాళీ చూపించి, "నాది ఒక్కటే. రాయి. ఇల్లు చూడనీకి వచ్చినోళ్ల ముంగట నువ్వు నోరు తెరవద్దు" అన్నాడు. నేను నవ్వుతూ పన్నెండోదిగా చేత్తో రాశాను. ఇంత చదువుకున్నవాడి మీద ఇంతేనా ఈయన ఎత్తు అనుకున్నాను.

మొదట పిట్లం నుంచి ఒక కిరాణా సేటు వచ్చాడు. ఇల్లు ఫోటోలోలాగా నీటుగా కనబడాలని, రోజూ మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే వాడకట్టు ఆడవాళ్లను ఆ పూట లేపేశాను. మామ లోపలికి వస్తూనే, "ఎండాకాలం గీ వంటింట్ల మస్తు ఉడుకపోస్తది సేటూ, ముందే చెప్తున్న" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తొమ్మిదో షరతు గాలికి పోయిందే! ఇక పన్నెండోదాన్ని నేనెందుకు పట్టించుకోవాలి? "ఉడకపోస్తే కిటికీ తెరిస్తే చాలు సేటూ, కాలువ గాలి! ఎలుకలంటవా, ఒక్కటంటే ఒక్కటి ఉండదు. గట్టు మీంచి పాములొచ్చి ఎప్పటికప్పుడు తినిపోతయి" అన్నాను. సేటు చెప్పులు వేసుకున్నది నేను చూడలేదు, గేటు చప్పుడు మాత్రం వినిపించింది. రెండోసారి ఒక పెద్దమనిషి వచ్చి ఇల్లంతా మెచ్చుకుని, ఎందుకమ్ముతున్నారని మాటవరసకు అడిగాడు. "దసరాలోపు అమ్మకపోతే మా షాపు పోతది సార్" అని నిజం చెప్పాను. ఆయన అక్కడే ధరను సగానికి దగ్గరగా దించాడు. ఆయన వెళ్లాక మామ అరుస్తాడనుకున్నాను. "అల్లుడా, నాది ఎన్నో షరతు?" అన్నాడు. "పన్నెండోది మామా" అన్నాను. "యాదికుంది గద, మంచిది" అని వెళ్లిపోయాడు.

గడువు ఇంకో వారం ఉందనగా, చెప్పాపెట్టకుండా, మధ్యాహ్నం మూడింటికి మహమ్మద్ నగర్ వైపు నుంచి ఆలుమగలిద్దరిని తీసుకొచ్చాడు. అరుగు నిండా ఆడవాళ్లు, చాటలు, తునికాకు చెత్త. నేను పరుగెత్తుకొచ్చి "లేవుండ్రి, లేవుండ్రి" అంటుంటే, మామ నా పొట్టకు అడ్డంగా గొడుగు పెట్టాడు. "అక్కలను లేపకు." తర్వాత ఆ దంపతులకు ఉడకపోత గురించి, వానకు చెమ్మ పట్టే మూల గురించి చెప్పి, "పాములు కూడ వస్తయి, మా అల్లుడే సాక్షి" అన్నాడు. అంతే, ఇక మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. (మాట్లాడదామనే అనుకున్నాను, గొడుగు ఇంకా పొట్ట మీదే ఉంది.)

"ఏ ఊరు అక్కా? నువ్వు కూడ చేస్తవా?" అని అరుగు మీంచి ఎవరో ఆ వచ్చినామెను అడిగారు. ఆమె తలూపింది. ఎవరో జరిగి చోటిచ్చారు, ఇంకెవరో కత్తెర అందించారు. ఆమె కూర్చుంది. అరగంటలో ఒక కట్టకు సరిపడా చుట్టింది, రెండుసార్లు నవ్వింది, గదుల్లోకి తొంగి కూడా చూడలేదు. లేచేముందు ఒకే ఒక్క మాట అడిగింది, "ఈ అరుగు మీద పొద్దుగూకేదాక వెలుతురుంటదా?"

వాళ్లు వెళ్లాక మామ చెప్పాడు. "ఇప్పుడున్న ఇంట్ల చీకటి గదిల కూసోని చేస్తది. కండ్లు గుంజుతున్నయంట. ఆమె మొగడు చెప్పంగనే నాకు మీ అరుగు యాదికొచ్చింది." నేను పదకొండు షరతులతో కాపాడుకోవాలనుకున్న ఇంట్లో అసలు విలువైనదేదో నాకు తెలియదు. నేను ప్రతిసారీ ఊడ్పించి ఖాళీ చేయించిన చోటే అది. అంత తెలివిని దగ్గర నుంచి చూడడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు ఆ మాట ఆయనతో అనలేదు.

ఆమె భర్త పైసలు జమ చేసుకుని వచ్చేసరికి మామకిచ్చిన మూడు నెలల గడువు దాటి నాలుగు రోజులైంది, దసరాకు మాత్రం ఇంకా టైముంది. మామ దగ్గరికి కాకుండా నేరుగా నా దగ్గరికే వచ్చాడు. నా కళ్ల ముందు నాలుగో షరతు వెలిగింది, ఇక మామకు కమీషను ఇవ్వక్కర్లేదు. నా అంతటివాడు లేడనుకున్నాను. బయానా, అంటే అడ్వాన్సు కాగితం రాసే రోజు డాక్యుమెంట్ రైటర్ దగ్గర అందరం కూర్చున్నాం. ఎలా తెలిసిందో, మామ గొడుగుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మధ్యల ఉండి బేరం కుదిర్చిందెవరు? పేరు చెప్పుండ్రి, సాక్షిగ రాస్త" అన్నాడు రైటర్. కొనే ఆయన తన టీ గ్లాసులోకి చూసుకున్నాడు. నేను ఫ్యాను వైపు చూశాను. గదిలో నలుగురు పెద్దమనుషులు నా నోటి వైపు చూస్తున్నారు. పుట్టినప్పటి నుంచి ఆగని నోరు ఆ రోజు ఆగింది.

మామ గొడుగు చంకలో సర్దుకుని, "ఇయ్యాల నా షరతు మంచిగ పాటిస్తున్నవ్ అల్లుడా" అని మెట్లు దిగాడు.

షాపు మాదైంది, అమ్మ చాట పక్కన పెట్టింది. ఊళ్లో మాత్రం, మూడు నెలల్లో రెండు గదుల ఇల్లు అమ్మలేకపోయాడని గొడుగు మామ పేరు పోయింది. చేతికొచ్చిన బేరాలు వేరేవాళ్లకు వెళ్లాయి. సంగతి తెలిశాక అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆయన కమీషను కవర్లో పెట్టించి తానే తీసుకెళ్లింది. విప్పని కవరుతోనే తిరిగొచ్చింది. "పైసలు కాదక్కా, ఇల్లు అమ్మింది నేనని నలుగుట్ల ఒక్క మాట చెప్తే చాలు" అన్నాడట. ఆ ఒక్క మాట కోసం నేను మంచి రోజు చూస్తూ చూస్తూ, జుట్టు నెరిసేదాకా వచ్చాను.

పోయిన నెలలో ఒక టీచరమ్మ తన ఇల్లు అమ్మే అగ్రిమెంటు టైపు చేయించడానికి షాపుకు వచ్చింది. "అన్నా, మీ నాలుగో షరతు కూడ పెట్టండి. దాంతోనే మీరు ఏజెంటుకు టోపీ పెట్టిండ్రంట గద" అంది నవ్వుతూ. ఏజెంటు ఎవరమ్మా అన్నాను. బయటికి చూపించింది. మెట్టు మీద, ఎండలో, చంకలో మూసిన గొడుగుతో మామ కూర్చుని ఉన్నాడు. నడుము వంగింది, గొడుగు గుడ్డ నెరిసింది.

కంప్యూటర్లో ఆ నాలుగో షరతు ఇంకా భద్రంగానే ఉంది. దాన్ని తీసేశాను. కౌంటరు దాటి బయటికొచ్చాను. షాపు ముందు ఆధార్ కాగితాలు పట్టుకుని పదిమంది ఉన్నారు. టీచరమ్మ కూడా నా వెనకే వచ్చింది. మామ ముందు నిలబడ్డాను. పాముల గురించి అడగకుండానే చెప్పిన ఆ పిల్లగాడు నాకు గుర్తొచ్చాడు. వాడి మీద నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది. వాడి వాగుడులో నాలుగు మాటలు ఇప్పుడు నాకు అప్పిస్తే బాగుండనిపించింది.

మామ కళ్లు చికిలించి నన్ను గుర్తుపట్టాడు. "ఏంది అల్లుడా, ఇంక గట్లనే నిలబడ్డవ్? నీ షరతుకు మూడు నెలలే గడువు. నాదానికి మాత్రం జిందగీ అంత ఉంటదా? తెరువు నోరు" అన్నాడు.

"మామా," అన్నాను, వెనకున్నవాళ్లకు కూడా వినబడేటట్టు, "గా ఇల్లు నేను అమ్మలేదు. నువ్వే అమ్మినవ్. గా రోజు నలుగుట్ల చెప్పాల్సిన మాట చెప్పలేదు. తప్పు నాదే, మాఫ్ చెయ్యి."