ప్రాణానికి వెయ్యి

ఎచ్చెర్లకు తూర్పున, సముద్రం పక్కన ఒక చిన్న ఊరు లక్ష్ముడిది. వేటకు వెళ్లని పూట ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునేవాడు. కార్తీక మాసంలో పిక్నిక్‌కు వచ్చినవాళ్లు, నీళ్లు లోపలికి లాగేసే వైపు నడిస్తే చాలు, "ఒరే బాబూ, అటు దిగకండ్రా, సచ్చిపోతారు!" అని గొంతు చించుకునేవాడు. వినకపోతే చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చేవాడు. కొందరు బూతులు తిట్టేవారు. అతనికి పట్టేది కాదు. ఎవరూ అప్పజెప్పిన పని కాదది. కళ్ల ముందు మనిషి పోతుంటే ఊరుకోవడం అతనికి చేతకాదు, అంతే.

2014లో ఒకేరోజు ఇద్దరు కొట్టుకుపోయాక సర్పంచ్ జగన్నాధం కొత్త ఏర్పాటు చేశాడు. మునిగిపోయేవాళ్లను బతికించి బయటికి తెస్తే ప్రాణానికి వెయ్యి రూపాయలు.

మొదటి వెయ్యి భార్య తాయారు చేతిలో పెడుతుంటే లక్ష్ముడికి సిగ్గేసింది. రెండోసారి సిగ్గు వెయ్యలేదు. వేట సరిగ్గా పడని నెలల్లో ఆ డబ్బుతోనే ఇంట్లోకి బియ్యం వచ్చాయి. దిగకుండా ఆపితే ఎవడూ రూపాయి ఇవ్వడు. దిగి, చేతులు కొట్టుకోవడం మొదలుపెట్టాక వెళ్తే ఇస్తారు. ఈ మాట లక్ష్ముడు మనసులో కూడా అనుకోలేదు. గొంతు మాత్రం లేవడం మానేసింది.

తాయారు కనిపెట్టింది. "ఏటి మావా, ఈమధ్య ఎవుల్నీ కేకలెయ్యట్లేదు?"

"సర్పంచ్ దిగొద్దని బోర్డు ఎట్టించినాడు కదే. సదువుకుంటారు."

మరుసటి కార్తీకంలో చీపురుపల్లి నుంచి వచ్చిన గోవింద్ అనే కుర్రాడు మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నాడు. వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతున్నాడు. లక్ష్ముడు చూశాడు. చొక్కా విప్పి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కెరటం లాక్కుపోగానే దూకాడు. చెయ్యి దొరికింది, జారిపోయింది. మళ్లీ దొరికేసరికి కుర్రాడిలో ఊపిరి లేదు.

సాయంత్రానికి గోవింద్ తండ్రి వచ్చాడు. లక్ష్ముడి చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు. "సముద్రానికి ఒగ్గీకుండా మా గుంటడ్ని మాకు తెచ్చిచ్చినావు బాబూ." జేబులోంచి నోట్లు తీయబోయాడు.

లక్ష్ముడు వెనక్కి జరిగాడు. "నాను సూసినాను బాబూ... ముందే సూసినాను..."

"సూసినావు కాబట్టే దూకినావు" అన్నాడు ఆ తండ్రి, నోట్లు అతని చేతిలో కుక్కుతూ.

నెల తిరక్కుండానే లక్ష్ముడు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదికి కూలికి వెళ్లిపోయాడు. ఎందుకో తాయారుకు చెప్పలేదు. అతని చోటికి మనిషి దొరక్క జగన్నాధం ప్రాణానికి రెండు వేలు చేశాడు.