కొట్టని కొబ్బరికాయ

మొన్న మంగళవారం మా మావయ్యగారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, అలవాటు ప్రకారం గ్లాసు బోర్లించి, అరుగు మీద నడుం వాల్చారు. మళ్లీ లేవలేదు.

ముక్తేశ్వరంలో వాళ్ల కొబ్బరితోట తుఫానుకి కూలిపోయిన ఏడాదే నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ఊరంతా మళ్లీ మొక్కలు వేసుకుంటుంటే ఆయన మాత్రం ససేమిరా అన్నారు.

“అరవై దాటేయమ్మా. ఇప్పుడేస్తే కాపెవరు చూస్తారు?”

తోటవైపు వెళ్లడం మానేశారు. మాటలూ తగ్గాయి. మాకు భయం వేసి దక్షిణాది యాత్ర బస్సెక్కించాం. తోడు నేను.

మిగిలిన రెండు మూడు చెట్ల కాయలే గోనెసంచిలో వేసుకున్నారు. “కోనసీమ వాళ్లం, దేవుడికి కొన్న కాయ కొడతామా? నవ్విపోరూ!” అన్నారు. పీచుతో ఉంటే పాడవదని, ప్రతి గుడి దగ్గరా అప్పటికప్పుడు ఒలిచి కొట్టేవారు. ఐనవిల్లి వినాయకుడితో మొదలుపెట్టి ఏ దేవుణ్ణీ వదల్లేదు.

శ్రావణబెళగొళలో ఆయాసపడుతూ కొండెక్కి, గోమటేశ్వరుడి పాదాల ముందు చతికిలబడి, సంచిలోంచి కాయా కత్తీ తీశారు. చీమకైనా హాని తలపెట్టని జైనుల కొండ మీద కత్తి! పూజారి పరుగెత్తుకొచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“కాయ ఒలుద్దారనండీ, మరేం లేదు,” అన్నారు మావయ్యగారు.

పూజారికి కాస్త తెలుగు వచ్చు. “ఇక్కడ కొట్టకూడదు. దాన్లో ప్రాణం ఉంది కదా,” అంటూ కాయని పాదాలకి తాకించి తిరిగి ఆయన చేతిలో పెట్టారు.

“ఆయ్,” అన్నారు మావయ్యగారు. అంతే.

బస్సులో ఆ కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. లోపల నీళ్లు కదిలాయి. ఎన్నాళ్లకో ఆయన మొహంలో వెలుగు చూశాను.

“అమ్మాయ్, ఇది మొలుస్తుందే!”

నూతి పక్కన పాతారు. మొలిచింది. ఆ వానల్లోనే తోటంతా మొక్కలు వేయించారు. కాపెవరు చూస్తారండీ అని ఆటపట్టిస్తే, “చూసేవాళ్లే చూస్తారు, నీకెందుకే?” అనేవారు. చూశారు కూడా. నూతి పక్క చెట్టు మొదటి బొండం ఆయనే తాగారు. నాకో గుక్క మిగల్చమంటే ఇంకోటి దింపించుకోమన్నారు! తండ్రి లేని నాకు అంత చనువిచ్చిన మనిషి.

మంగళవారం పాడె మీదకి పచ్చి కొబ్బరాకులు కావాలన్నారు. చెట్టెక్కే అతను నూతి దగ్గర ఆగి, “ఇది పెద్దాయన చెట్టండీ, కొయ్యమంటారా?” అని నన్నడిగాడు. కొయ్యమన్నాను.

పాదులో ఎప్పుడు రాలిందో, ఎవరూ ఏరని కాయ ఒకటి పీచు చీల్చుకుని జానెడు మొలకేసి ఉంది. పైన కత్తి పడింది. మట్ట ఊగింది.

“చూసి వెయ్యి బాబూ, కింద మొక్కుంది!” అని ఏడుస్తూనే అరిచాను.