తిట్లు తిన్న వ్యాన్

నేను చేసేది హెచ్‌ఆర్ నౌకరి. అంటే ఏందని వాడల ఎవరన్న అడిగితే చెప్పుడు నాకే కష్టమైతది. మా అమ్మకు మాత్రం చెప్పే బాధ లేదు, ఆమె ఎన్నడు అడగనే లేదు. చుట్టాలు వచ్చి "మీ బిడ్డది మంచి నౌకరట గద" అంటే చాలు, "ఏం నౌకరి పాడుగాను, పొద్దుందాక మందితోని లొల్లి. గట్లనే ఉన్నది" అంటది. నేను పక్కన కూసొని ఉండంగనే అంటది. నాకు కడుపుల మండుతది. ఇంత చదువు చదివి, కామారెడ్డిల ఏసీ రూముల కూసుండే మనిషిని, ఒక్కసారన్న మంచిగున్నది అంటే నోటి ముత్యాలు రాలుతయా? ఈ ముచ్చట మీద మేమిద్దరం శానసార్లు కొట్లాడుకున్నం.

మా కంపెనీది మక్కల, అంటే మొక్కజొన్నల యాపారం. ఆఫీసు కామారెడ్డిల, కార్ఖాన ఎల్లారెడ్డి అవతల. అక్కడ మక్క అటుకులు చేసి ప్యాకెట్లు కడ్తరు. ప్యాకింగ్‌ల అందరు ఆడోళ్లే, శానమంది నాగిరెడ్డిపేట దిక్కు ఊర్ల నుంచి వస్తరు. వాళ్లను ఇంటి ముందట ఎక్కిచ్చుకొని, పొద్దుగూకక ముందే మళ్ల ఇంటి ముందట దించుటానికి కంపెనీ ఒక వ్యాన్ పెట్టింది. అంతటితోని ఆగలే. మంగళవారం పూట యోగా పెట్టింది, పుట్టినరోజుకు కేకు పెట్టింది. అన్ని పెట్టినంక హైదరాబాద్ పెద్దాఫీసు సారుకు అనుమానమొచ్చింది. ఫోన్ చేసి, "ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో కొలిచి చెప్పమ్మా. పనిచెయ్యనిది తీసేద్దాం" అన్నడు.

మనుషుల మనసు కొలుచుడు మక్కలు జోకినట్టా? అయినా నౌకరి గద. నేను వరుసగ మొహాల బొమ్మలు గీయించుకొని కార్ఖానకు పోయిన. ఒక కొసకు ఏడ్చే మొహం, ఇంకో కొసకు పండ్లన్ని బయటపెట్టి నవ్వే మొహం. "నేను ఒక్కోటి పేరు చెప్త, అది మీకు ఎట్లున్నదో ఆ మొహం మీద వేలు పెట్టుండ్రి" అని చెప్పిన.

యోగా అనంగనే అందరి వేళ్లు పోయి నవ్వే మొహం మీద పడ్డయి. నాకు జర ఆశ్చర్యమే అయింది. ఎందుకంటే ఆ యోగా నేను చూసిన. ఆసనాలు వేసేటప్పుడు ఒకరి చీర కొంగు ఒకరు తొక్కుకుంట నవ్వుతరు. చివరికి మాస్టరు పండుకొని శ్వాస మీద ధ్యాస పెట్టుమనంగనే గుర్రు పెడ్తరు. ఆ గుర్రుకు మాస్టరు పాపం గొంతు పెంచవలసి వస్తది. కేకుకు కూడ నవ్వే మొహమే పెట్టిండ్రు.

ఇగ వ్యాన్ పేరు ఎత్తిన. ఎందుకు ఎత్తిన్నో అనిపిచ్చింది.

"గా డొక్కు బండి ముచ్చట అడుగకు మేడం. సీట్లు బండలే."

"గుంతల దిగిందంటే నడుములు ఇరుగుతయి."

"కిటికీ అద్దం దిగది. దిగిందంటే మళ్ల లేవది."

డ్రైవర్ అన్న పెట్టే పాటల కాడికెళ్లి అతని మీసాల దాక దేన్నీ ఇడిచిపెట్టలే. అందరు పోటీ పడి ఏడ్చే మొహం చూపిచ్చిండ్రు. అందరికంటె గట్టిగ తిట్టింది ఒక అక్క. ఆమెను పనిల పెట్టుకున్నది నేనే. అప్పుడు వాళ్లత్త "బండి ఇంటి ముందటికి వస్తెనే పంపుత, కోడలు సడక్ మీద నిలబడి బస్సు కోసం చూసే నౌకరి మాకొద్దు" అని పట్టు పట్టింది. నేను వాళ్లింటికి పోయి, చాయ తాగి, బండి వస్తదని మాటిచ్చి ఒప్పిచ్చిన. అంటే వ్యాన్ ఉంటేనే ఆ అక్కకు నౌకరి. అసొంటి మనిషి ఏడ్చే మొహాన్ని వేలుతోని పొడిచి పొడిచి చూపిస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఎంత చేసినా వీళ్లకు సంబురం లేదు అనుకొని, ఉన్నదున్నట్టు హైదరాబాద్‌కు పంపిన.

కొన్ని దినాలకు సారే కారేసుకొని వచ్చిండు. కామారెడ్డిల నన్ను ఎక్కిచ్చుకొని ఎల్లారెడ్డి పోయినం. తొవ్వ పొడుగుత ఖుషీగున్నడు. ప్యాకింగ్ హాల్ల అందర్నీ నిలబెట్టి, "మీ అభిప్రాయాన్ని కంపెనీ గౌరవిస్తుంది. వచ్చే నెల నుంచి వ్యాన్ ఉండదు. దాని బదులు యోగా వారానికి రెండుసార్లు" అన్నడు. చప్పట్లు కొడ్తరని ఆగిండు.

ఎవ్వరు కొట్టలే. ఎవ్వరు ఎదురు చెప్పలే కూడ. పెద్దమనిషి ఊరిడిచి వచ్చి చెప్తుంటే మొహం మీద కాదంటరా? "మీ ఇష్టం సార్" అన్నరు. సారు చాయకు పోంగనే ఆ అక్క నా చెయ్యి పట్టుకున్నది.

"మేడం, గిదేంది? బండి బందైతే మా అత్త నన్ను గడప దాటనియ్యది. మీరు మాటిచ్చిండ్రు గద."

"నువ్వే గదనే అక్కా ఏడ్చే మొహం చూపిచ్చినవ్!"

"మరి మంచిగున్నదని నోటితోని అంటమా? నజర్ తాకి, దిష్టి కొట్టి ఉన్నది పోదా?"

పక్కన అటుకుల సంచి కుడ్తున్న ముస్లిం పెద్దక్క, మేమందరం ఆపా అని పిలిచేటామె, అందుకున్నది. ఆమె ఎల్లారెడ్డిలనే ఉంటది, వ్యాన్ ఎక్కేది లేదు, అయినా దాన్ని తిట్టుడుల ఎన్నడు వెనుకబడలే. "మా చెల్లె వాళ్ల ఊరికి బస్సు మంచిగ వస్తుండె. ఒకామె నోరు ఊకుండక, మా బస్సు టైముకు వస్తది, మాకేం ఫికర్ లేదు అని అందరి ముందట అన్నది. అంతే, బందైంది. అందుకే మేము బండిని తిట్టుకుంట కాపాడుకుంటున్నం."

"మరి యోగా?"

"మాస్టరు కామారెడ్డి నుంచి పనిగట్టుకొని వస్తడు" అన్నది అక్క. "ఇంటికి వచ్చినోణ్ణి మంచిగ లేదంటే మనసు నొచ్చుకోడా?"

నేను తల పట్టుకున్న. ఇష్టం లేనిదాన్ని మర్యాదకు మెచ్చుకున్నరు, పానం లెక్క చూసుకునేదాన్ని భయానికి తిట్టిండ్రు. నేను కొలిచిందంత ఉల్టా. ఉరికిపోయి సారుకు చెప్పిన. సారు చాయ గ్లాసు పక్కకు పెట్టి నా దిక్కు జాలిగ చూసిండు.

"తీసేస్తామంటే ఎవరైనా బాగుందనే అంటారు. మాటలు కాదమ్మా, ఆధారం కావాలి."

ఆధారం ఏడికెళ్లి తేవాలె? ఆయన ఎంబడి బయటికొచ్చిన. ఆవరణల వ్యాన్ నిలబడి ఉన్నది. నేను దాన్ని ఎప్పుడు సరిగ్గ చూడనే లేదు. ముందట మిరపకాయలు, నిమ్మకాయ. అద్దానికి నల్లదారం. లోపల తావీజు, అంటే తాయెత్తు, ఆపా తెచ్చిందే అయ్యుంటది. వెనుక పాత చెప్పు. పక్కన ఎండిన గుమ్మడికాయ వేలాడుతున్నది.

సారు డ్రైవర్ అన్నను పిలిచి, "ఏంటయ్యా ఈ సంత?" అన్నడు.

"నేను కట్టలే సార్. ప్యాకింగోళ్లు వారం వారం కొత్తయి తెచ్చి కడ్తరు. నాకు ముందట సడక్ కనిపిస్తలేదు తల్లీ అంటే నన్ను తిడ్తరు."

నాకు ఒక్కసారిగ పానం లేచొచ్చింది. సారు కారు దిక్కు చెయ్యి చూపిచ్చిన. కొత్త కారు, దాని ముందట కూడ నిమ్మకాయ ఉన్నది. "అది ఎవరు కట్టిండ్రు సార్?"

"మా అమ్మ."

"కారు ఎట్లున్నదని ఎవరన్న అడిగితే మీరు ఏమంటరు?"

"ఏదో... నడుస్తుందంటాను" అన్నడు. అప్పుడు సారు మొహం చూడాలె. కారును చూసిండు, వ్యాన్‌ను చూసిండు, గుమ్మడికాయను చూసిండు. నాకు నవ్వు ఆగలే, ఆయనకు కూడ ఆగలే.

వ్యాన్ ఉండిపోయింది. సారు యోగా తీసేస్తనంటే ఆడోళ్లే అడ్డం పడ్డరు, పండుకునే ఆసనం ఒక్కటి ఉంచుమన్నరు. మాస్టరుకు ఇప్పటిదాక అసలు సంగతి ఎవ్వరు చెప్పలే. ఆ సాయంత్రం అక్క బండి ఎక్కుకుంట నా దిక్కు సూడలే, థ్యాంక్స్ అనలే. "ఏం బండో ఏమో, దీంట్ల ఎక్కుడు కంటె నడిచి పోవుడు నయం" అని ఊరంత ఇనబడేటట్టు తిట్టి, కిటికీ పక్క సీటు పట్టుకొని కూసున్నది. ఆమె తిడ్తుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ మక్కరొట్టెలు చేస్తున్నది. ఫోన్ల చిన్నమ్మ ఉన్నట్టున్నది. "ఏం నౌకరే పాడుగాను," అంటున్నది అమ్మ, "ఎల్లారెడ్డి పోయింది, ఇప్పుడే వచ్చింది. గట్లనే ఉన్నది."

ఫోన్ పెట్టేసి, చెయ్యి కూడ కడుక్కోకుంట నా మొహం రెండు దిక్కుల తడిమి మెటికలు ఇరిచింది. నా చెంపలకు పిండి అంటింది. ఇది ఆమె రోజు చేసేదే, నేను రోజు ఇసుక్కునేదే.

ఆ దినం ఇసుక్కోలే, కొట్లాడలే. పీట ఏసుకొని పొయ్యి కాడనే కూసున్న.

"అమ్మా, నా నౌకరి నిజంగనే గట్లనే ఉన్నదా?"

"మరేంది, శాన గట్లనే ఉన్నది" అన్నది అమ్మ, నా దిక్కు సూడకుంట, ఇంకో రొట్టె తట్టుకుంట.